3,975 డాలర్ల త్యాగం

ఈస్టర్ పండగకి ముందొచ్చే లెంట్ ఉపవాసాల మొదటి శుక్రవారం, ప్లమ్ ఫోర్క్ ఫైర్ స్టేషన్ హాల్లో చేపల వేపుడు విందు జరుగుతుండగా, కౌంటీ కమిషనర్ ఎల్డన్ క్రామ్లిక్ గారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. నెబ్రాస్కా రాష్ట్రంలో అంతకుముందు ఏ నాయకుడికీ అలాంటి ఆలోచన రాలేదు. వచ్చినా బయటికి చెప్పి ఉండడు.

"ఏప్రిల్ పదిహేనో తారీఖున నా ఆదాయపు పన్ను కాగితాలు మొత్తం కోర్టుహౌస్ తలుపుకి అంటిస్తాను. చదవడం వచ్చినవాళ్ళందరూ చదువుకోండి. ప్రభుత్వం దగ్గర్నించి నేను ఒక్క సెంటు పుచ్చుకున్నట్టు కనబడితే, రాష్ట్ర సెనేట్‌కి నా పోటీ అక్కడికక్కడే మానుకుంటాను" అన్నారాయన.

"మరి కమిషనర్ జీతమో?" అని వెనక బల్ల నుంచి ఎవరో అడిగారు.

"అది జీతం కాదు, సేవ" అన్నారు కమిషనర్ గారు. అడిగినవాడు చేపముక్క కొరికి, ఆ జవాబు సబబుగానే ఉందని తలూపాడు.

తరవాత ఆయన తన కుడి తుంటి మీద పిడికిలితో టకటకా కొట్టి చూపించారు. "టైటానియం. పోయిన అక్టోబర్లో వేయించుకున్నాను. ఎవరి డబ్బుతో? నా ఆరోగ్య పొదుపు ఖాతా డబ్బుతో. నా కార్డు గీకాను, నా తుంటి తెచ్చుకున్నాను. నా వైద్యం, నా జేబు." హాలంతా చప్పట్లు. వైద్యానికని పన్ను లేకుండా దాచుకునే ఆ ఖాతాలో డబ్బు వేసేది కౌంటీయే. ఉద్యోగుల ఖాతాలన్నీ చట్టం ఒప్పుకున్నంత మేరా అంచులదాకా నింపాలని కిందటేడు తీర్మానం పెట్టింది కూడా ఆయనే. కానీ ఖాతా మీద పేరు ఆయనదే కాబట్టి, జేబు కూడా ఆయనదే.

"ఆ కాగితాలు తయారుచేసేది మన వెల్డా ప్రోకాప్. త్రాసులాంటి మనిషి" అని ఆయన వేలు చూపించారు.

మూడో బల్ల దగ్గర క్యాబేజీ సలాడ్ తింటున్న వెల్డా తలెత్తింది. ఈ పని ఆమెకి ఒప్పజెప్పినట్టు ఆమెకి తెలియడం అదే మొదలు. చప్పట్లు కొడుతున్న చేతుల్ని ఆమె అలవాటుగా లెక్కపెట్టింది. అందులో సగం తన దగ్గర పన్ను కాగితాలు రాయించుకునే ఖాతాదారులవి. ఉచిత ప్రకటన కింద చూస్తే, పత్రికలో పావు పేజీకి నూట ఎనభై డాలర్లు మిగిలినట్టే అనుకుంది.

వెల్డాకి యాభై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో మూతపడ్డ బ్యాంకు భవనంలో పన్నుల దుకాణం నడుపుతుంది. పాత బ్యాంకు కాబట్టి కారు దిగకుండా పని చేయించుకునే కిటికీ, కాగితాలు సర్రున లోపలికి లాక్కునే గాలి గొట్టం ఇంకా ఉన్నాయి. రైతులు పికప్ దిగకుండానే తమ ఏడాది జీవితాన్ని డబ్బాలో పెట్టి ఆ గొట్టంలోకి పంపేస్తారు. రెండు వారాల తరవాత అదే గొట్టంలో పన్ను ఎంతో తిరిగి వెళుతుంది. ఇంత తక్కువ మాటలతో జరిగే వ్యాపారం ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. అద్దె నెలకి నాలుగు వందలు. భవనం యజమాని ఎల్డన్ క్రామ్లిక్ గారు.

యజమాని కాబట్టి ఆయన గొట్టం వాడలేదు. సోమవారం పొద్దున్న బూట్ల పెట్టె ఒకటి చంకన పెట్టుకుని లోపలికే వచ్చారు. నలుగురిలో వెల్డా ఆయన్ని కమిషనర్ గారూ అంటుంది. నలుగురూ లేనప్పుడు, ఆయన చెల్లెలితో కలిసి చదువుకున్నది కాబట్టి, ఎల్డన్ అంటుంది.

పెట్టెలో జీతం చీటీ ఉంది, ఖాతా చీటీ ఉంది, వాటి అడుగున, పిజ్జా దుకాణం కూపన్ల మధ్య, నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం ఒకటుంది. వెల్డా దాన్ని విప్పి చదివింది. ఇంకోసారి చదివింది.

"ఎల్డన్, ఇదేమిటి?"

"ఏది?"

"నీకు మెడికేర్ ఉంది."

అరవై ఐదు దాటినవాళ్ళకి సర్కారు ఇచ్చే వైద్య బీమా అది. కమిషనర్ గారికి అరవై ఆరు దాటి చాలా నెలలైంది. ఆయన ఆ ఉత్తరం వైపు, వేరేవాళ్ళ కుక్క తన పెరట్లోకి వచ్చినట్టు చూశారు.

"అదా. అది ఆస్పత్రిలో బిల్లుల ఆవిడ చేసిన పని. సంతకం పెట్టమంది, పెట్టాను. మత్తులో ఉన్నాను."

"ఆపరేషన్‌కి పదకొండు రోజుల ముందు పెట్టావు."

"ఆ మత్తు మందు చాలా గట్టిది, వెల్డా."

"తుంటికి మొత్తం బిల్లు నలభై ఆరువేల రెండు వందలు. అందులో నీ కార్డు మీద గీకింది పదహారు వందల డెబ్బై ఆరు. మిగతాది మెడికేర్ వాళ్ళే కట్టారు."

"గీకానా, లేదా?"

"గీకావు."

"మరి నేను చెప్పినదాంట్లో అబద్ధం ఏముంది?"

వెల్డా కాలిక్యులేటర్ నొక్కింది. "తుంటిలో నూటికి మూడున్నర పాళ్ళు నీ డబ్బుతోనే కొన్నావు."

"ఏ భాగం?"

"ఒక స్క్రూ అనుకో."

అసలు చిక్కు తుంటిది కాదు. తుంటి గురించి పన్నులవాళ్ళు అడగరు. మెడికేర్ ఉన్న మనిషి ఆరోగ్య పొదుపు ఖాతాలో కొత్తగా ఒక్క డాలరు కూడా వేయకూడదు. పైగా మెడికేర్‌లో ఆలస్యంగా చేరినవాళ్ళని ఆరు నెలలు వెనక్కి జరిపి చేర్చుకుంటారు. కమిషనర్ గారు అక్టోబర్లో సంతకం పెట్టారు కాబట్టి ఏప్రిల్ నుంచే చేరినట్టు లెక్క. ఖాతాలో కౌంటీ వేసినది ఏడాది మొత్తానికి ఐదువేల మూడు వందలు. ఆయనకి హక్కున్నది మొదటి మూడు నెలలకే, అంటే పదమూడు వందల ఇరవై ఐదు. మిగిలిన మూడువేల తొమ్మిదివందల డెబ్బై ఐదూ అదనం.

"నన్నడక్కుండా ఆరు నెలలు వెనక్కి ఎలా జరుపుతారు?" అన్నారు కమిషనర్ గారు.

"మర్యాద కోసం. నీకు వెనక బిల్లులేవైనా ఉంటే పనికొస్తుందని."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏప్రిల్ పదిహేనులోగా ఆ అదనాన్నీ, దాని మీద వచ్చిన వడ్డీనీ ఖాతాలోంచి తీసేస్తే జరిమానా ఉండదు. తీయకపోతే నూటికి ఆరు. రెండువందల ముప్పై ఎనిమిది డాలర్ల యాభై సెంట్లు. తీసేదాకా ఏటేటా కట్టాలి." ఆమె సొరుగులోంచి ఫారం తీసింది. "ఇది నింపి ఖాతా ఉన్న బ్యాంకుకి పంపడమే. కారణం దగ్గర టిక్కు పెట్టు."

కారణాలు నాలుగున్నాయి. పరిమితి దాటినది, మెడికేర్‌లో చేరినది, ఉద్యోగం మారినది, ఇతరములు. కమిషనర్ గారు చాలాసేపు ఆలోచించి 'ఇతరములు' మీద టిక్కు పెట్టారు. పక్కన ఖాళీగీత మీద ఏం రాయాలని వెల్డా అడిగింది.

"ఆరోగ్యం ఎక్కువైంది అని రాయి."

"అది కారణం కాదు, ఎల్డన్. అయినా బ్యాంకు ఫారం మీద ఏం రాసినా, పన్ను కాగితాల్లో నీ హక్కు పదమూడు వందల ఇరవై ఐదే అని పడుతుంది. తలుపుకి అంటిస్తానన్నావు కదా, అది."

కమిషనర్ గారు లేచి గోడని అరచేత్తో నిమిరారు. "ఈ బిల్డింగు పాతదైపోయింది. నీ లీజు ఏప్రిల్ ముప్పైకి కదూ అయిపోయేది? పడగొట్టి పార్కింగ్ చేద్దామంటోంది మా ఆవిడ." ఈ మాట చాలా బాధపడుతూ అన్నారు. "నీలాంటి అద్దెమనిషిని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఆ నెలల సంగతి నీకు కనబడలేదనుకో. ఎవరికి నష్టం?"

ఆయన వెళ్ళాక వెల్డా ఒక పాత కవరు వెనకాల లెక్క వేసింది. ముప్పై మైళ్ళ అవతల పెద్ద ఊళ్ళో దుకాణం అద్దె ఏడువందల యాభై. అంటే ఏడాదికి నాలుగువేల రెండు వందలు అదనపు ఖర్చు. గొట్టం లేదు కాబట్టి రైతుల్లో కొందరు రారు. ఇంకోవైపు, తప్పుడు కాగితం మీద సంతకం పెట్టి, అది కోర్టుహౌస్ తలుపు మీద వేలాడి, ఎవరో ఒకరు పన్నులశాఖకి రాస్తే, కాగితాలు తయారుచేయడానికి ఆ శాఖ ఇచ్చిన ఆమె నంబరు పోతుంది. రెండువందల పన్నెండుమంది ఖాతాదారులు, సగటున నూట నలభై చొప్పున ఇరవై తొమ్మిదివేల ఆరువందల ఎనభై. తీసివేస్తే తేడా పాతికవేల పైన. వెల్డా సత్యం పక్షాన నిలబడాలని నిశ్చయించుకుంది. అబద్ధం నాలుగువేల కంటే చవగ్గా దొరికి ఉంటే ఎలా ఉండేదో ఆమె ఆలోచించలేదు. దొరకలేదు కాబట్టి.

మర్నాడు కమిషనర్ గారి ఎన్నికల ప్రచారం చూసుకునే షెరిలిన్ టాగర్ట్ వచ్చింది. షెరిలిన్ ఇళ్ళు అమ్మే మనిషి. కప్పు కారే ఇంటిని 'వాన చప్పుడు దగ్గరగా వినిపించే ఇల్లు' అని అమ్మిన చరిత్ర ఉంది. ఆమెకి వెల్డా లెక్క కాగితం చూపించింది. కమిషనర్ గారే చూపించమన్నారు. షెరిలిన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

"అదనం అని రాసుంది."

"అవును."

"అంటే చట్టం ఒప్పుకున్నదానికంటే ఎక్కువ పొదుపు చేశాడు."

"అలా కూడా అనొచ్చు."

"దానికి వాషింగ్టన్ వాళ్ళు జరిమానా వేస్తున్నారు."

"ఆ డబ్బు తీసేస్తే వెయ్యరు. ఫారం ఇక్కడే ఉంది, ఐదు నిమిషాల పని."

షెరిలిన్ ఆ ఫారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెల్డా బల్ల మీద బోర్లా పెట్టేసింది. "దీన్ని మళ్ళీ ఎల్డన్ కంట పడనివ్వకు, తల్లీ. రెండు వందల ముప్పై ఎనిమిది డాలర్లకి ఇలాంటి ప్రచారం నాకెక్కడ దొరుకుతుంది? టీవీలో అర నిమిషానికి తొమ్మిది వందలు గుంజుతున్నారు."

వెల్డా వ్యాపారిగా ఆలోచించి, ఆవిడ లెక్కలో తప్పు లేదని ఒప్పుకుంది.

ఆ శనివారానికల్లా హైవే పక్కన బోర్డు లేచింది. కమిషనర్ గారు గోధుమ చేలో నిలబడి ఆకాశం వైపు చూస్తున్నారు. పక్కన పెద్ద అక్షరాలు: 'అతిగా పొదుపు చేసిన మనిషి. వాషింగ్టన్ వేసిన శిక్ష: ఆరు శాతం.' ఇంటింటి ముందూ చిన్న బోర్డులు పాతారు. కేఫ్‌లో క్యాష్ కౌంటర్ పక్కన ఖాళీ కాఫీ డబ్బా పెట్టి, 'ఎల్డన్ జరిమానా నిధి' అని అట్ట అంటించారు. ఐదు రోజుల్లో పదకొండు వందల నలభై డాలర్లు పోగయ్యాయి. జరిమానా పోను తొమ్మిదివందల పైన మిగులుతుంది. దాన్నేం చేస్తారని ఎవరూ అడగలేదు. త్యాగానికి వడ్డీ వస్తే తప్పేముంది.

అక్కడితో ఆగి ఉంటే వెల్డాకి నిద్ర పట్టేది. కానీ మార్చి చివరి వారంలో గాలి గొట్టం సర్రుమని, డబ్బాలో ఒక బ్యాంకు రసీదు వచ్చింది. కిటికీ అవతల బూడిదరంగు బ్యూయిక్ కారులో ఆటిలీ ఫెన్స్కే టీచర్ కూర్చుని ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. వెల్డాకీ, ఎల్డన్‌కీ, ఊళ్ళో సగంమందికీ ఎక్కాలు నేర్పింది ఆవిడే.

"ఏమే వెల్డా, వచ్చిందా?" అని స్పీకర్లోంచి అడిగింది.

"వచ్చింది టీచర్. ఏమిటిది? ఆరోగ్య పొదుపు ఖాతాలో వంద డాలర్లు వేశారేమిటి?"

"స్కూల్లో ఉన్నప్పటి ఖాతా. నలభై డాలర్లు పడి ఉన్నాయి. ఎల్డన్ ఒక్కడే ఎందుకు బలికావాలి? నేనూ కిందటేడు లెక్కలో ఎక్కువ వేశాను. వెయ్యమను నాక్కూడా జరిమానా. నా లెక్క ఎంతదాకా ఒప్పుకుంటారు?"

"మీకు మెడికేర్ ఉంది కదా?"

"పదమూడేళ్ళ నించి."

"అయితే మీకు ఒప్పుకునేది సున్నా. వందా అదనమే."

"మొత్తం వందా?" అంది ఆటిలీ టీచర్. గొంతులో గర్వం దాగలేదు. "ఎల్డన్‌ది కూడా మొత్తం అదనం కాదుగా?"

"ఆయన సంగతి నేను చెప్పకూడదు టీచర్."

"సర్లే. జరిమానా ఎంత?"

"ఏడాదికి ఆరు డాలర్లు."

"ఆరేనా? జైలు లేదూ?"

"లేదు. వద్దనుకుంటే తీసేయొచ్చు. నా ఫీజు నలభై ఐదు, బ్యాంకు ఇరవై ఐదు. డెబ్బై ఇచ్చుకుంటే మీ వందా మీకొస్తుంది."

"ఉండనీ. ఎన్నికలయ్యాక తీద్దాం. ఫారం ఇప్పుడే నింపి ఉంచు, కారణం దగ్గర మాత్రం ఇతరములు అని పెట్టు. మెడికేర్ అని రాస్తే బాగుండదు, ఉద్యమం కదా."

ఆవిడ తరవాత సెలూన్ ఆవిడ, విత్తనాల దుకాణం అన్నదమ్ములు, చర్చి ఆర్గాన్ వాయించే ఆయన, అలా వరసకట్టారు. ఏప్రిల్ పది నాటికి వెల్డా దగ్గర అరవై రెండు రసీదులున్నాయి. అరవై ఒక్కరికి మెడికేర్ ఉంది. తాము చట్టం మీద తిరగబడుతున్నామని అందరూ సంతోషంగా ఉన్నారు. అందరూ ఇతరములే. ఆ మిగిలిన ఒక్కడూ డారిన్ మ్రాజ్. కౌంటీ రోడ్లు చదును చేసే గ్రేడర్ నడుపుతాడు. నలభై ఒక్క ఏళ్ళు. అతని ఖాతా కౌంటీయే అంచుదాకా నింపేసింది. పైన ఇంకో మూడు వందలు వేసి వచ్చాడు. పికప్ టైర్లకని దాచుకున్న డబ్బు.

"నీకెందుకయ్యా ఇది?" అంది వెల్డా.

"కమిషనర్ గారు ఒక్కరే తిన్నగా నిలబడ్డారు కదండీ. సర్కారు సొమ్ము ముట్టకుండా తుంటి వేయించుకున్నారు. మనం ఏదో ఒకటి చెయ్యొద్దా?"

వెల్డా అతని రసీదు తీసి మిగతావాటి మీద పెట్టింది. ఖాతాదారు విషయం బయటపెడితే నంబరు పోతుంది. పాతికవేల లెక్క అక్కడ కూడా పనిచేసింది.

ఏప్రిల్ పద్నాలుగు మధ్యాహ్నం కమిషనర్ గారు సంతకం పెట్టడానికొచ్చారు. వెల్డా కాగితాలు తిప్పి ముందుపెట్టింది. ఏదీ వదిలిపెట్టలేదు. హక్కు ఉన్నది 1,325. వేసినది 5,300. అదనం 3,975. జరిమానా 238.50. అడుగున ఆమె పేరూ, నంబరూ.

"నెలల సంగతి నీకు కనబడింది" అన్నారాయన.

"కనబడింది."

"లీజు సంగతి గుర్తుందిగా?"

"ఉంది. పెట్టెలు కూడా కొన్నాను, సామాను సర్దుకోవడానికి. పన్నెండు డాలర్లు."

"ఐదువేల మూడు వందలు ఉండాల్సిన చోట పదమూడు వందల ఇరవై ఐదు ఎందుకుందని ఎవరైనా అడిగితే?"

"నాలుగోవంతు. మూడు నెలలు. ఎవరైనా భాగించి చూస్తే తెలుస్తుంది."

"ఎవరు భాగిస్తారు?"

"గుడ్లు డజన్ల లెక్కన అమ్ముకునే ఊరు ఇది, ఎల్డన్."

కమిషనర్ గారు పెన్ను తిప్పుతూ కూర్చున్నారు. సంతకం పెట్టకపోతే రేపు తలుపు ఖాళీగా ఉంటుంది. పెడితే తలుపు నిండుగా ఉంటుంది. చివరికి సంతకం పెట్టారు. "కొంచెం చిన్నగా ప్రింట్ తీస్తావా?" అని అడిగారు. తీయనంది వెల్డా. "సరే, కాస్త ఎత్తులో అంటిస్తాను" అన్నారు.

మర్నాడు కోర్టుహౌస్ మెట్ల ముందు రెండువందలమంది చేరారు. మాంసం, బీన్స్ వేసి వండిన చిల్లీ గిన్నెలూ, దాల్చినచెక్క రొట్టెలూ పంచారు. హైస్కూలు బ్యాండు వాయించింది. కాగితాలకి ప్లాస్టిక్ తొడిగి, తొమ్మిదడుగుల ఎత్తున, తలుపు పైచెక్కకి కొట్టారు. బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాళ్ళు కూడా మునికాళ్ళ మీద లేచి, ఏమీ కనబడక, చాలా పారదర్శకంగా ఉందని ఒప్పుకున్నారు.

వెల్డా గుంపు చివర నిలబడింది. తన పేరు అక్కడ ఎండలో మెరుస్తోంది. ఇవాళ తలుపు మీద పేరు, ఈ నెలాఖరుకి దుకాణం ఖాళీ అనుకుంటోంది.

"నిచ్చెన తీసుకురా డారిన్" అంది ఆటిలీ టీచర్.

డారిన్ ఫైర్ స్టేషన్ నుంచి నిచ్చెన తెచ్చి పట్టుకున్నాడు. టీచర్ కళ్ళజోడు మార్చుకుని, గౌను అంచు ఒక చేత్తో పట్టుకుని, ఐదు మెట్లెక్కింది. బ్యాండు ఆగిపోయింది. కమిషనర్ గారు చిల్లీ గిన్నె చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. షెరిలిన్ తన కారు ఎక్కడ పెట్టిందో చూసుకుంది.

టీచర్ పైకే చదివింది. "వేసినది ఐదువేల మూడు వందలు." వేలితో రెండో గీత వెతికింది. "హక్కున్నది పదమూడు వందల ఇరవై ఐదు." ఆగింది. పెదాలు కదులుతున్నాయి. "పదమూడు నాలుగులు యాభై రెండు... నాలుగోవంతు. మూడు నెలలు." మళ్ళీ ఆగింది. "జనవరి, ఫిబ్రవరి, మార్చి."

ముందు వరసలో సెలూన్ ఆవిడా, ఆర్గాన్ ఆయనా, విత్తనాల అన్నదమ్ములూ తలలెత్తి చూస్తున్నారు. వాళ్ళ ఇళ్ళకి కూడా ఒకప్పుడు అలాంటి ఉత్తరాలే వచ్చాయి. మెడికేర్ వచ్చిన నెల నుంచి హక్కు ఎందుకు సున్నా అవుతుందో, రసీదులు తీసుకున్నప్పుడే వెల్డా వాళ్ళకి విడివిడిగా చెప్పింది.

టీచర్ నిచ్చెన మీంచి కమిషనర్ గారి వైపు చూసింది. తరవాత గుంపు వైపు చూసింది. ఎక్కాలు అప్పజెప్పించుకున్నన్ని ఏళ్ళూ చూసిన చూపే.

"లెక్క కరెక్టే" అంది.

మొదట ఆర్గాన్ ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ తరవాత అందరూ కొట్టారు. చాలాసేపు కొట్టారు. బ్యాండు మళ్ళీ అందుకుంది. కమిషనర్ గారు చిల్లీ గిన్నె కింద పెట్టి రెండు చేతులూ ఎత్తారు.

ఒంటిగంటకి ఆయన దుకాణానికి వచ్చారు. లీజు కాగితం ఆయనే తెచ్చారు. అదే నాలుగు వందలు, ఐదేళ్ళకి. సంతకం పెడుతూ, "నిజాయితీ ఎప్పుడూ మంచిదే వెల్డా. నేనందుకే నిన్ను ఎంచుకున్నాను" అన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నారు.

వెల్డా లెక్క సరిచూసుకుంది. నిజం చెప్పినందుకు నష్టం, అట్టపెట్టెలకి పన్నెండు డాలర్లు. లాభం వైపు ఏం రాయాలో తెలియలేదు. ఖాళీగా వదిలేసింది.

మూడింటికి గొట్టం మోగలేదు, తలుపు మోగింది. డారిన్. టోపీ చేతిలో ఉంది.

"నా మూడు వందలు తీయించుకోవచ్చా అండీ? ఇవాళే ఆఖరు కదా. టైర్లు మరీ అరిగిపోయాయి."

"తీయించుకోవచ్చు. ఇప్పుడే పంపిస్తాను, కూర్చో." ఆమె ఫారం తీసి, కారణాల వరసలో మొదటిదాని మీద, పరిమితి దాటినది అన్నదాని మీద, టిక్కు పెట్టింది. ఆ సీజన్లో ఆ గడిలో ఆమె పెట్టిన టిక్కు అదొక్కటే. "ఇంతలోనే మనసు మారిందేం?"

"ఏం లేదండీ." డారిన్ టోపీ అంచు సరిచేసుకున్నాడు. "టీచర్ దిగాక నిచ్చెన తీసేముందు నేనూ ఎక్కి చూశాను. నాకూ మూడు నెలలే వచ్చింది. ఏప్రిల్లో ఏమైందా అనుకున్నాను. మా అమ్మకి మెడికేర్ వచ్చినప్పుడు కూడా ఖాతాలో డబ్బు వెయ్యడం అలాగే ఆపేశారు."

వెల్డా పెన్ను ఆపింది. "మరి అక్కడే అడగలేకపోయావా?"

"అడుగుదామనే అనుకున్నానండీ" అన్నాడు డారిన్. "అందరూ అంతసేపు చప్పట్లు కొడుతుంటే, భాగహారం నేనే తప్పు చేశాననుకున్నాను."